కాటుక పుట్టుక పలక

అనగనగా వాగుకూ కొండకూ నడుమ ఓ దట్టమైన అడవి. ఆ అడవిలో కాటుక అనే ఎలుగుబంటి ఉండేది. పేరుకు తగ్గట్టు నిగనిగలాడే నలుపు. కోపం కూడా కాస్త ఎక్కువే. ఆ కోపానికి కారణమేమిటో చెబుతాను, వినండి పిల్లలూ.

ఆ అడవిలో ఒక ఆచారం ఉండేది. ఏ పిల్ల పుట్టినా భద్రయ్య అనే ముసలి కొండముచ్చు వచ్చేవాడు. బంకమన్నుతో మెత్తటి పలక చేసేవాడు. దాని మీద తల్లి పాదం అద్దించి, పక్కనే పిల్ల పాదం అద్దించేవాడు. ఎండాక తల్లి చేతికిచ్చేవాడు. ఫలానా తల్లికి ఫలానా పిల్ల అని చెప్పడానికి ఆ పలకే సాక్ష్యం.

కాటుకకు తొలిచూలు పిల్ల పుట్టింది. భద్రయ్య వచ్చి పలక చేసి ఇచ్చాడు. ఆ పలక మీద పిల్ల పాదం రేగుపండంత ఉంది. కాటుక మురిసిపోయి, దాన్ని తీసుకెళ్లి, తల్లి తనకిచ్చిన తన పలక పక్కన పెట్టింది. రెండింటినీ పోల్చి చూసింది.

తన పలక మీద తన పాదం మామిడికాయంత ఉంది! పుట్టిన రోజు పిల్ల పాదం అంత ఉంటుందా?

పలక పట్టుకుని తల్లి ఇప్పమ్మ దగ్గరికి వెళ్లింది. ఇప్పమ్మ చెదపుట్ట తవ్వుతోంది.

"అమ్మా, ఇది నేను పుట్టిన రోజు చేసిన పలకేనా?"

"ఇప్పుడెందుకే ఆ గొడవ?"

"అవునా, కాదా?"

ఇప్పమ్మ కూలబడిపోయింది. "కాదు తల్లీ. నేను కన్న పిల్ల చచ్చిపోయింది. తిండి మానేసి పడుంటే భద్రయ్య నిన్ను తెచ్చి నా ఒళ్లో వేశాడు. అప్పటికే నీకు పళ్లొచ్చాయి. కన్నతల్లి వద్దనుకుందని చెప్పాడు. కొత్త పలక చేసిచ్చి, ఎవరికీ చెప్పొద్దన్నాడు."

"ఆ తల్లి ఎవరో అడగలేదా?"

"అడిగితే నిన్ను మళ్లీ తీసుకుపోతాడేమోనని భయమేసింది."

కాటుక ఒళ్లు మండిపోయింది. "పాలిచ్చావు. వీపున మోశావు. ఎప్పటికీ మర్చిపోను. కానీ నా పుట్టుక గురించి నాకే అబద్ధం చెప్పావు. అదీ మర్చిపోలేను."

అక్కణ్ణుంచి నేరుగా భద్రయ్య దగ్గరికి వెళ్లింది. తల్లుల దగ్గర్నుంచి వెనక్కి తీసుకున్న పాత పలకలన్నీ కొండ గుహలో పెట్టి, ద్వారానికి ఒక బండ అడ్డం వేశాడు భద్రయ్య. ఆ బండ పక్కనున్న చెట్టెక్కి కూర్చుని చిగుళ్లు నములుతున్నాడు.

"తాతా, నా అసలు పలక చూపించు."

"చూపించే ఆచారం లేదమ్మా. వెళ్లిరా," అన్నాడు భద్రయ్య, తల కూడా తిప్పకుండా.

కొన్నాళ్లకు కాటుక పిల్లకు ఒక కొత్త జబ్బు పట్టుకుంది. తేనె నాకితే చాలు, మొహమంతా ఉబ్బిపోయి ఊపిరాడేది కాదు. ఇప్పమ్మకు అలాంటిది తెలియదు. కాటుక పిల్లను వీపు మీద ఎక్కించుకుని మళ్లీ కొండకు వెళ్లింది.

"తాతా, ఇది మా కన్నవాళ్లలో ఎవరికైనా ఉందేమో. ఏం చేసేవాళ్లో ఏమో. వాళ్లెవరో చెప్పు. పిల్ల ప్రాణం మీదికొచ్చింది."

"నీ తల్లి నీ మొహం చూడనని ఒట్టు పెట్టుకుంది. ఆవిడ పరువు తీస్తావా?" అన్నాడు భద్రయ్య.

కాటుక ఏడుస్తూ ఇంటికొచ్చింది. ఆ ఏడుపు చూసి ఇప్పమ్మ ఉండబట్టలేకపోయింది. మొహం ఉబ్బిన పిల్లను మోసుకుని మూడోసారి ఇద్దరూ కలిసి వెళ్లారు. కాటుక నోరు తెరవకముందే భద్రయ్య కసిరాడు.

"ఇంత పెంచి పెద్దచేసిన తల్లి ఉసురు పోసుకుంటావా? విశ్వాసం లేదా నీకు?"

"నా పేరు చెప్పి దాని నోరు మూయించకు," అంది ఇప్పమ్మ. "అడుగుతున్నది నేను. పలక తియ్యి."

"తల్లీకూతుళ్లిద్దరికీ మతి పోయింది!" అంటూ భద్రయ్య పైకొమ్మకు ఎగబాకాడు.

కాటుక గోళ్లు బయటికొచ్చాయి. చెట్టును ఒక్క ఊపు ఊపితే భద్రయ్య కిందపడతాడు. ఒక్క దెబ్బ చాలు. కాటుక చెట్టు దాకా వెళ్లింది. కాండం మీద పంజా వేసింది. వీపు మీద పిల్ల మూలిగింది. వీణ్ణి చంపితే నాకేమొస్తుంది, నిజం వీడితోనే పోతుంది, అనుకుంది. వెనక్కి తిరిగి, ఉన్న కోపమంతా భుజాల్లోకి తెచ్చుకుని బండను నెట్టింది. బండ దొర్లిపోయింది.

గుహలో ఎన్నో పలకలు. నక్కలవి, దుప్పులవి, కుందేళ్లవి. ఎలుగులవి మాత్రం రెండే. మొదటిదాన్ని చూడగానే ఇప్పమ్మ గుండెకు హత్తుకుంది. అది చచ్చిపోయిన తన పిల్లది. ఇక రెండోదాని మీద పిల్ల పాదం రేగుపండంత ఉంది. తల్లి కుడిపాదానికి ఒక వేలు లేదు.

ఇప్పమ్మ వంగి చూసింది. "ఈ ముద్ర నాకు తెలుసు. వాగు అవతల, నీళ్లు తాగే చోట బురదలో ఎన్నోసార్లు చూశాను."

ఒక్క వాగు! కాటుక పళ్లు కొరికింది. ఇన్నేళ్లూ అడ్డం ఉన్నది ఒక్క వాగు.

పలక పట్టుకుని వాగు దాటారు. అవతలి ఒడ్డున ఒక ముసలి ఎలుగు నీళ్లు తాగుతోంది. పేరు నేరేడు. కుడిపాదానికి ఒక వేలు లేదు. కాటుక ఎదురుగా వెళ్లి పలక కింద పెట్టింది.

"నన్నెందుకు వద్దనుకున్నావు?"

నేరేడు పలకను వాసన చూసింది. కళ్లు ఎర్రబడ్డాయి. "ఇది నా పిల్లది. చచ్చిన పిల్ల పలక నీకెక్కడిది? దొంగతనం చేశావా?" అంటూ పంజా ఎత్తింది.

"చచ్చిన పిల్ల కాదు. నేనే."

ఎత్తిన పంజా అలాగే ఉండిపోయింది. తర్వాత మెల్లగా దించింది. "నాకు జ్వరమొచ్చింది. తగ్గేదాకా చూస్తానని భద్రయ్య నిన్ను తీసుకెళ్లాడు. నేను లేచి వెళితే, పోయిందన్నాడు. ఒక రాళ్ల కుప్ప చూపించి, దాని కింద పెట్టానన్నాడు. చచ్చిన పిల్ల పలక ఉంచుకోకూడదని అదీ పట్టుకుపోయాడు. ప్రతి ఏడూ ఇప్పపూలు రాలే కాలంలో ఆ రాళ్ల మీద ఇన్ని పూలు పోసి వస్తున్నాను."

తన మొహం చూడనని ఒట్టు పెట్టుకుందన్న తల్లి ఈమేనా, అనుకుంది కాటుక.

అప్పుడు నేరేడు చూపు చిన్నపిల్ల మీద పడింది. "దీని మొహమేంటి, ఉబ్బింది? తేనె నాకించారా? మా అమ్మకూ ఇంతే. చల్లటి బురద పుయ్యండి. ఇంకెప్పుడూ తేనె ముట్టనివ్వకండి." తనే బురద తెచ్చి పూసింది. చీకటిపడేలోగా వాపు దిగింది.

మర్నాడు కాటుక అడవి నాలుగు దిక్కులా కేకలేసి అందర్నీ రాళ్ల కుప్ప దగ్గరికి పిలిచింది. భద్రయ్యకూ రాక తప్పలేదు.

"రాళ్లు తియ్యి," అంది నేరేడు.

భద్రయ్య అటూ ఇటూ చూశాడు. ఒక్కరూ అడ్డం రాలేదు. ఒక్కొక్క రాయీ తీశాడు. కింద ఉత్త నేల. గడ్డివేళ్లు తప్ప ఏమీ లేవు.

"అందరి మంచికే చేశాను," అన్నాడు. "అక్కడ ఇప్పమ్మ తిండి మానేసింది. ఇక్కడ నువ్వు బతుకుతావో లేదో..."

"బతికాను కదా! బతికాక నా పిల్లను ఎందుకివ్వలేదు?" అంది నేరేడు.



"నేను చెబుతాను," అంది కాటుక. "తప్పు బయటపడుతుందని ఇవ్వలేదు. ఆ తప్పు దాచడానికి నేను చచ్చిపోయానని ఆమెతో చెప్పావు. ఆమె వద్దందని నాతో చెప్పావు. ఒకరి ఏడుపు ఆపడానికి ఇంకొకరిని బతుకంతా ఏడిపించి, దానికి మంచి అని పేరు పెట్టావు."

గుంపులోంచి ఒక నక్క అడిగింది: "ఆ గుహలో నా పలక కూడా ఉందా?"

ఒక దుప్పి అడిగింది. ఒక కుందేలు అడిగింది. ఇక ఎవరూ ఆగలేదు, అందరూ గుహ వైపు పరుగెత్తారు. ఆ సాయంత్రానికి గుహ ఖాళీ అయింది. ఎవరి పలక వాళ్ల చేతికొచ్చింది. భద్రయ్య చేత ఆ పని మాన్పించారు.

భద్రయ్య కాటుక దారికి అడ్డంపడి చేతులు జోడించాడు. "క్షమించమ్మా."

"క్షమించను," అంది కాటుక. పక్కకు తప్పుకుని నడిచింది.

ముగ్గురూ ఇంటిదారి పట్టారు. ముందు నేరేడు, కాటుక. బాగా వెనక ఇప్పమ్మ. నడుస్తూ నేరేడు కాటుకను అడిగింది: "నువ్వు మొదటిసారి చెట్టెక్కింది ఎప్పుడు?"

కాటుకకు గుర్తులేదు. వెనకనుంచి ఇప్పమ్మ భయంభయంగా చెప్పింది. "నా దగ్గరికొచ్చిన ఏడు వానల్లో. తునికిచెట్టు. ఎక్కింది గానీ దిగడం రాక ఒకటే ఏడుపు."

నేరేడు వెనక్కి తిరగలేదు. మొహంలో కోపం తగ్గలేదు. కొంతదూరం నడిచాక మాత్రం అంది:

"ఊఁ. తర్వాత?"

నీతి: ఎవరి పుట్టుక గురించిన నిజం వాళ్ల సొత్తు. మంచి కోసమని చెప్పి దాచినా అది దొంగతనమే.