గుప్పిట్లో ఫ్యూజు

ఊళ్లోకి కరెంటు కొత్తగా వచ్చిన రోజులవి. గరుడవలస జమీందారు వీరభూపతి గారు పట్నం నుంచి ఓ పాటలపెట్టె తెప్పించారు. గేట్లో అతిథి కనబడితే చాలు, నౌకరు తోటలో ఫౌంటెన్ మోటారు వెయ్యాలి, అతిథి లోపలికొచ్చాక ఆపాలి. హాల్లో పాట మోగాలి. అయితే పాట మంచి పట్టులో ఉండగానే దీపాలు మసకబారేవి, గాయని గొంతు ఆవలిస్తున్నట్టు సాగిపోయేది.

"కరెంటంతా ఆ పిండిమరే లాగేస్తోంది!" అని జమీందారు మర నడుపుకునే సన్నెమ్మను అతిథుల ముందుకే పిలిపించారు. "ఇవాళే మర మూసెయ్!"

ఆ మరే ఆమె బతుకుతెరువు. అయినా ఏడవలేదు, వాదించలేదు. ఏం గుండె ధైర్యమో ఆమెది!

"అలాగే దొరా. పాటను పాడుచేసే మోటారు ఎవరిదైనా సరే, ఫ్యూజు పీకాల్సిందేనని అందరి ముందూ సెలవివ్వండి," అంది.

"ఎవరిదైనా సరే!" అన్నారాయన దర్జాగా.

సన్నెమ్మ వెళ్లి తన మర ఫ్యూజు పీకి తెచ్చి ఆయన చేతిలోనే పెట్టింది. పాట మొదలై హాయిగా సాగింది.

"చూశారా!" అన్నారు జమీందారు.

అంతలో గేట్లో మరో అతిథి కనబడ్డాడు. నౌకరు అలవాటుగా మోటారు వేశాడు. తోటలో నీళ్లు జివ్వున పైకి లేచాయి, హాల్లో పాట నీరసంగా కిందికి జారింది.

అందరూ కిటికీలోంచి ఫౌంటెన్ వైపు చూశారు. జమీందారు తన గుప్పిట వైపు చూసుకున్నారు.

సన్నెమ్మ వినయంగా చెయ్యి చాపింది. "నా ఫ్యూజు ఇచ్చేయండి దొరా. మీది పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండాలి కదా!"