ఒక్క కేకకి కదలని పడవ

ఇటు జరుగు, అమ్మడూ. ఈ ఎడమ చేత్తో జోకొడతాలే. కుడిది ఎందుకు కొట్టదంటావా? దాని కథే చెబుతా, ఊఁ కొట్టు. ఊఁ కొట్టకపోతే మధ్యలో ఆపేస్తా, నా సంగతి తెలుసుగా!

అనగనగా ఒక ఊళ్ళో, అంటే ఎక్కడో కాదే, నా ఒంట్లోనే, ఒక ఏరు ఉంది. వెంట్రుకకన్నా సన్నం, కంటికి ఆనదు. ఏటికి ఇవతల కేకలేసేవాళ్ళు పదిమంది. అవతల పడవవాడు గంగులు.

తలలోంచి 'చెయ్యెత్తు' అని కబురు రాగానే పదిమందీ గట్టెక్కి కేకేస్తారు. అప్పుడు గంగులు పడవేసుకుని కిందికి, కండల వాడకి పోయి చెబుతాడు. ఆ వాడవాళ్ళు మంచివాళ్ళమ్మా. గంగులు వచ్చాడా, మారుమాట లేకుండా అందరూ తాడు లాగుతారు. చెయ్యి లేస్తుంది.

కానీ గంగులు ఒక్క కేకకి కదలడు. "కొంగ అరిచినా పడవ తియ్యాలా?" అంటాడు. గొంతులన్నీ ఒక్కసారి కలవాలి. పైగా ఏటి ఒడ్డున నూకాలమ్మ అని ఒక ముసలమ్మ "వద్దొద్దు" అంటూ ఉంటుంది. ఆవిడ ఒక్క 'వద్దు'కి రెండు కేకలు కొట్టుకుపోతాయి. తిట్టకు ఆవిణ్ణి! ఆవిడే లేకపోతే నా చెయ్యి నిద్రలో కూడా గంతులేసేది, నీ చెంప వాచేది.

ఆ తర్వాత, మొన్న వానాకాలంలో, నా తలలో గాలివాన వచ్చింది, అదే, డాక్టరు పక్షవాతం అన్నాడే, అది. దారి తెగిపోయింది. పదిమందిలో ముగ్గురే గట్టు చేరారు. కండల వాడవాళ్ళు ఊరికే కూర్చున్నారు. పాపం, వాళ్ళ తప్పేముంది, కబురు అందితే కదా! చూడ్డానికి వచ్చినవాళ్ళంతా "ముసలిదాని చెయ్యి ఇక అంతే" అన్నారు. నాకూ ఏడుపొచ్చింది, అబద్ధం ఎందుకు? నీకు జోకొట్టలేని చెయ్యి నాకెందుకనుకున్నా.

అప్పుడు ముగ్గురిలో ఒకడు కేకేశాడు. గంగులు తల కూడా తిప్పలేదు.

ఆ తర్వాత ముగ్గురూ మహా మర్యాదస్తుల్లా "నువ్వు ముందు, కాదు నువ్వు ముందు" అనుకుంటూ వంతులవారీగా అరిచారు. ఒకడి కేక చల్లారాక ఇంకొకడిది! అలా అయితే ఏడాదికైనా కలుస్తాయా?

ఆ తర్వాత ముగ్గురూ కలిసి అరిచారు. గంగులు పడవ నెట్టే గెడ చేతిలోకి తీసుకున్నాడు. ఇంతలో నూకాలమ్మ "గాలివాన మళ్ళీ వస్తుందిరోయ్, వద్దు!" అంది. గెడ కింద పెట్టేశాడు.

నిద్రపోయావా? ఊఁ కొట్టు మరి!

అప్పుడు కిందినుంచి, వేళ్ళ వైపునుంచి, ఇంకో గొంతు వచ్చింది. సన్నటి గొంతు. ఎవరిదనుకున్నావు? నువ్వు రోజూ బడినుంచి రాగానే నా వేళ్ళు పట్టుకుని "లేవే, లేవే" అంటూ రుద్దలేదూ? నువ్వు రుద్దిన ప్రతిసారీ అదొక కేకేనే పిచ్చిదానా! ఫిజియోథెరపీ అమ్మాయి కూడా చెప్పింది, "మామ్మగారూ, పాప రుద్దేటప్పుడే మీరూ కదపాలనుకోండి, రెండూ కలవాలి" అని.

ఇవాళ నువ్వు రుద్దుతుంటే నేనూ పళ్ళు బిగించి 'కదులు' అనుకున్నా. పైనుంచి ముగ్గురి కేక, కిందినుంచి నీ కేక, అన్నీ ఒక్కసారే చేరాయి. నూకాలమ్మ అరుపు వాటిలో మునిగిపోయింది. గంగులు గెడ వేశాడు. అతను కండల వాడ చేరేసరికి నువ్వు ఆటకి పరిగెత్తావు. నేనూ ఎవరికీ చెప్పలేదు, పడుకునే వేళకి దాచుకున్నా.

ఏదీ, ఆ బుగ్గ నా కుడి చేతికి ఆనించు. కదలకు. ఆఁ... తగిలిందా? చూపుడువేలే! ఒక్కటేలే, మిగతావి రేపు చూద్దాం. నా తల్లే, నీ మేలు ఈ జన్మలో మరిచిపోను. ఏడవకే, నాకూ వస్తోంది. కళ్ళు మూసుకో.

కథేమో కంచికి,
పడవేమో రేవుకి,
మనమేమో నిద్దరకి,
నా వేలు నీ బుగ్గకి!