వంతెన తిన్న బెల్లం

అనగా అనగా ఒక వంక. వంకకు రెండు గట్లు, గట్టుకొక ఊరు. వానొచ్చి వంక పొంగితే ఆ ఊరు ఆ ఊరే, ఈ ఊరు ఈ ఊరే. అవతల ఎవరికైనా నొప్పులొస్తే ఇవతల మంత్రసాని గట్టున నిలబడి ఏడ్వాల్సిందే.

ఆ సీమకొక పాలెగాడు. ఆయన పేరు చెప్పను, గుర్తుపెట్టుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదు. వంక మీద వంతెన కట్టించాడు, కూలింది. మళ్లీ కట్టించాడు, మళ్లీ కూలింది. రెండోసారి కూలినప్పుడు రాళ్ల కింద పడి చనిపోయినవాళ్లలో కూలిమనిషి సుంకమ్మ మొగుడు ఒకడు.

ఎందుకు కూలిందో సుంకమ్మకు తెలుసు. అప్పట్లో సిమెంటెక్కడిది? సున్నం, ఇసుక గానుగలో పోసి, ఎద్దులను కట్టి రుబ్బించేవారు. అందులో కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవారు. ఆ నీళ్లే రాయిని రాయికి పట్టించేవి. కరువొచ్చింది. కూలోళ్లు ఆకలికి తాళలేక బెల్లం తినేసి గానుగలో వట్టి నీళ్లు పోశారు. మొగుడు రుమాల్లో దాచి తెచ్చిన ముక్క సుంకమ్మ కూడా తింది.

మూడోసారి పని మొదలైంది. కరువు మాత్రం పోలేదు. మేస్త్రి సుంకమ్మను పిలిచాడు.

"బెల్లం కుండకాడ నువ్వుండాల. నీళ్లు పుక్కిట పట్టి చూడు. తీపి చాలిందంటేనే గానుగలో పోయాల. దొర కొట్లో ఇంగ ముక్క లేదంట, ఇదే కడాకరిది."

"వంతెన తిన్నాకే మనం, అయ్యా," అంది సుంకమ్మ.

మొదటి స్తంభం లేస్తున్నప్పుడు పక్క గుడిసె ఓబులక్క చంటిబిడ్డనెత్తుకుని వచ్చింది. "సుంకీ, పాలెండిపాయ. రవ్వంత ముక్క ఈవే."

"వంతెన తిన్నాకే మనం, అక్కా."

ఓబులక్క మెటికలు విరిచి పోయింది. మొదటి స్తంభం లేచింది.

రెండో స్తంభం లేస్తున్నప్పుడు ముసలి అత్త కర్ర పొడుచుకుంటూ వచ్చింది. "కొడుకును మింగినారు. సచ్చే ముందు నా నోరన్నా తీపి చెయ్యే."

"వంతెన తిన్నాకే మనం, అత్తా."

అత్త ఆ తర్వాత ఆమెతో మాట్లాడలేదు. రెండో స్తంభం లేచింది.

మూడో స్తంభం లేస్తున్నప్పుడు కూతురు ఎల్లి వచ్చింది. అత్త ముఖం తిప్పుకున్నాక దానికి అమ్మ తప్ప ఎవరూ లేరు, అమ్మకు అది తప్ప ఎవరూ లేరు. కుండ పక్కన కూర్చుని అడిగింది.

"అమా, నువ్వు ఉమ్మే నీళ్లు నా నోట్లో ఉమ్మవా?"

సుంకమ్మ పుక్కిట ఉన్న నీళ్లు బిడ్డ నోట్లో పోసింది. ఎల్లి పెదాలు నాక్కుంది.

"ఇంగొంచెం అమా."

సుంకమ్మ కుండకు మూత పెట్టి, మూత మీద రెండు చేతులూ పెట్టింది. "వంతెన తిన్నాకే మనం, తల్లీ. నీ నాయన మాదిరి ఇంగెవురూ పడగూడదు."

మూడో స్తంభం లేచింది. ఎల్లి లేవలేదు. బిడ్డను వంక గట్టునే పూడ్చారు.

వంతెన పూర్తయింది. అది ఎంత బరువు మోస్తుందో చూడాలని పాలెగాడు ఏనుగును తెప్పించాడు. ఏనుగు వంతెన మీద కాలు పెట్టనంది. తోశారు, పొడిచారు, కదల్లేదు.

"బెల్లం చూపిస్తే నడుస్తాది దొరా," అన్నాడు మావటి.

పాలెగాడు చెయ్యి ఊపాడు. కొట్టు తలుపులు తెరిచారు. ఒక గంప వచ్చింది. ఇంకో గంప వచ్చింది. ఇంకా ఇంకా వస్తూనే ఉన్నాయి. వంతెన పొడుగునా బెల్లం అచ్చులు పరిచారు. ఏనుగు ఒక్కొక్కటే ఏరుకుని తింటూ తీరిగ్గా అవతలి గట్టు చేరింది. వంతెన ఇసుమంత కదల్లేదు. జనం ఈలలేశారు.

సుంకమ్మ మేస్త్రి వైపు తిరిగింది. "కడాకరిదంటివి గదయ్యా?"

"నాకూ అట్లే చెప్పిరి, సుంకమ్మా," అని మేస్త్రి తల దించుకున్నాడు.

ఏనుగు తొక్కి వదిలేసిన ముక్క ఒకటి ఆమె ఏరుకుంది. గట్టు దిగి, బిడ్డను పూడ్చిన చోట మట్టి మీద పెట్టింది. "వంతెన తినేసింది, తల్లీ. ఇంగ నువ్వు తిను." ఎవరు పిలిచినా అక్కణ్ణుంచి లేవలేదు. అన్నం ముట్టలేదు. ఆ వంతెన మీద ఒక్క అడుగూ వేయకుండానే బిడ్డ పక్కన చేరింది.

వంతెన ఇప్పటికీ ఉంది. పాలెగాడు తన పేరు చెక్కించిన రాయీ ఉంది, దాన్నెవరూ చదవరు. అందరికీ అది సుంకమ్మ వంతెనే. బెల్లం బండి ఏదైనా అక్కడ ఆగాలి. ఒక అచ్చు పగలగొట్టి గట్టున ఆడుకునే ఏ బిడ్డ చేతిలోనైనా పెట్టాలి. ఏ బిడ్డా కనబడకపోతే, ఎవరో ఒకరు వచ్చేదాకా బండి కదలకూడదు. "వంతెన తినేసింది, ఇంగ నువ్వు తిను," అని చెప్పి మరీ ఇవ్వాలి.

ఇంకో మాట కూడా మిగిలింది. పెత్తనం చేసే పెద్దవాళ్లెవరైనా వచ్చి, మీకివ్వడానికి మా దగ్గర ఇంకేమీ లేదంటే ఆ రెండూళ్ల జనం వాదించరు, బతిమాలరు. ఒక్కటే అడుగుతారు.

"ఏనుగును పిలవమంటారా, దొరా?"