రేగుపండంత గుండు

తుపాకులు కొత్తగా వచ్చిన రోజుల్లో, కొండల నడుమ నల్లగిరి అనే చిన్న రాజ్యం ఉండేది. దాన్ని ఏలే రణభూపాలుడికి శాసనాలు రాయడమంటే మహా సరదా. "మా శాసనంలో అక్షరం మార్చడం బ్రహ్మతరం కూడా కాదు" అని మీసం దువ్వుకునేవాడు.

పెద్ద గుండ్లతో వేటాడితే మాంసమూ తోలూ పాడవుతున్నాయని ఆయన ఒకనాడు దండోరా వేయించాడు. "రేగుపండు కన్న పెద్ద గుండుతో వేటాడినవాడి కుడి బొటనవేలు తీయబడును!"

నెల తిరగకుండానే బోయ బయ్యన్నను భటులు కొలువుకు ఈడ్చుకొచ్చారు. జొన్నచేను మీద పడ్డ అడవిపందిని కొట్టాడతను. మంత్రి అనంతామాత్యుడు అతని సంచిలోంచి గుండు తీసి, పొదల్లో కాసే చిట్టిరేగు పండు పక్కన పెట్టాడు. గుండు రెండింతలుంది.

బయ్యన్న చేతులు జోడించాడు. "దొరా, నేను గంగరేగుపండుతో కొలిచి పోత పోసుకున్నాను. అంతకన్న చిన్నదే. బొటనవేలు పోతే తుపాకి పట్టలేను. పిల్లలకు కూడెట్లా?"

"శాసనం స్పష్టంగా ఉంది. నీకు అర్థం కాకపోతే మా తప్పా?" అన్నాడు రాజు.

కొలువులో చొక్కయ్య అనే కవి ఉండేవాడు. మాట పదును, గుండె నిబ్బరం రెండూ ఉన్న మనిషి. అతను లేచి, "ప్రభువుల శాసనానికి తిరుగేముంది! తీర్పు చెప్పే ముందు నాకొక్క గడియ సెలవిప్పించండి" అని బయటికి వెళ్లాడు.

తిరిగి వచ్చేటప్పుడు చేతిలో పళ్లెం ఉంది. దాని మీది గుడ్డ తీసి అడిగాడు. "ప్రభూ, ఇవేమి పండ్లు?"

"మా తోటలోవే. రేగుపండ్లు. ఆమాత్రం తెలియదా?"

"తమరు చెప్పాక తెలిసింది" అంటూ చొక్కయ్య బయ్యన్న గుండును పళ్లెంలో పెట్టాడు. ఆ పండ్లలో అది సగం కూడా లేదు.

మంత్రి గబుక్కున లేచాడు. "అవి గంగరేగులు! శాసనం చెప్పింది చిట్టిరేగు సంగతి!"

"అలాగా మంత్రివర్యా! అయితే మొన్న ఏలినవారు దుప్పిని కొట్టిన గుండు కూడా తెప్పించండి. చిట్టిరేగు పక్కన పెట్టి చూద్దాం."

రాజుగారి గుండు ఎంతదో అందరికీ తెలుసు. మంత్రి చూపు రాజు కుడిచేతి మీద పడింది. రాజు తనకు తెలియకుండానే బొటనవేలిని పిడికిట్లో దాచుకున్నాడు.

చొక్కయ్య వినయంగా తల వంచాడు. "పెద్ద రేగైతే బయ్యన్న నిర్దోషి. చిన్న రేగైతే దోషులు ఇద్దరు. ఏ రేగో తమరే సెలవివ్వాలి."

రాజు గుడ్లురిమి చూశాడు. అంతలో బిగించిన తన పిడికిలి తనకే కనిపించింది. ఫక్కున నవ్వేశాడు. "పెద్ద రేగే! ముమ్మాటికీ పెద్ద రేగే! బయ్యన్నను విడిచి, తుపాకి అతనికి ఇచ్చేయండి. ఇకనుంచి ఊరూరి చావడిలో ఒక ఇనప ఉంగరం వేలాడదీయండి. అందులో దూరిన గుండుకు అనుమతి, దూరనిదానికి లేదు. పండ్ల గొడవే వద్దు."

బయ్యన్న కళ్లు తుడుచుకుని కొలువంతటికీ దండం పెట్టాడు.

"చొక్కయ్యా, మా వేలు కాపాడావు. నీకు నిమ్మకాయంత బంగారం ఇస్తున్నాం" అన్నాడు రాజు.

"మహాప్రసాదం" అని చొక్కయ్య ఉత్తరీయం చాపాడు. "ఏ నిమ్మ ప్రభూ?"

రాజు కడుపు పట్టుకుని నవ్వుతూ, "గజనిమ్మే ఇవ్వండయ్యా, లేకపోతే రేపు నన్నే బోనులో నిలబెడతాడు!" అన్నాడు.