ఇంకొక్క సాయం

రాజు పెట్టే బాధలు పడలేక జనం తిరగబడ్డారు. పొరుగు రాజును సాయమడగడానికి గంపలల్లే నూకాలమ్మే ఏరు దాటి వెళ్లింది. అతని సేనాపతి వచ్చి రాజును తరిమేశాడు గానీ, తానే కోటలో తిష్ట వేశాడు. నూకాలమ్మ అల్లిన గంపల్లోనే ధాన్యం మునుపటిలా కోటలోకి పోయేది.

ఒకనాడు సేనాపతి నిండు సభలో మీసం దువ్వాడు. "ఏ సాయమైనా అడగండి! కాదన్ననాడు ఈ మీసం గొరిగించుకుంటా!"

నూకాలమ్మ లేచింది. "కోటలో పరాయి సేన తిష్ట వేసింది బాబూ. కాస్త తరిమిపెట్టండి."

సభంతా గొల్లున నవ్వింది. మర్నాడు సేనాపతి మీసం గొరిగించుకున్నాడు. కోట మాత్రం వదల్లేదు.

"భలే బుద్ధి చెప్పావమ్మా!" అని జనం మురిసిపోయారు.

"మీసం మళ్లీ మొలుస్తుందర్రా," అంది నూకాలమ్మ ఏటివైపు చూస్తూ. "వీణ్ణి తరమడానికి ఈసారి ఎవర్ని పిలుచుకు రమ్మంటారు?"