మాట ఖాయమేనా?

ఒకానొక సంస్థానంలో ఎంగన్న ఊరూరా డప్పు కొట్టి చాటింపు వేసేవాడు. పంట ఇంటికొచ్చాక జీతం పెంచుతానన్న దొర, తీరా పంటొచ్చాక "అన్నానులే, చూద్దాం" అని నవ్వేశాడు.

వానలు ముంచుకొస్తుండగా దొర పొలాల పక్కన కాలువ గట్టు తెగింది. "గట్టు వేసినవాళ్లకి తలా బస్తా ధాన్యం" అని చాటించాడు దొర. ఒక్కడూ పార పట్టుకు రాలేదు.

"ఏం చాటావురా?" అంటూ దొర గుడ్లురిమాడు.

"తమరు చెప్పిందే దొరా. చాటింపయ్యాక 'మాట ఖాయమేనా?' అని జనం అడగడం, డప్పు మీద చెయ్యేసి నేను నిజం చెప్పడం ఆనవాయితీ కదా! 'నా జీతం పెంచుతానన్న మాట ఎంత ఖాయమో ఇదీ అంతే' అన్నాను."

పైన మబ్బు ఉరిమింది. దొర అప్పటికప్పుడు పెంచిన జీతం గింజలు కొలిపించాడు.

ఎంగన్న ఆ మూట అందరికీ కనబడేలా పక్కన పెట్టుకుని, మళ్లీ అదే చాటింపు వేశాడు. జనం అడిగితే, ఒక్క ముక్క మార్చకుండా అదే జవాబు చెప్పాడు.

పొద్దుగూకేలోపు గట్టు లేచింది.