గాడిదక్క తవ్విన చెలమ

"చెలమా చెలమా చల్లని తల్లీ
ఇసుక కడుపున ఏం దాచావే..."

ఆ తరవాతి పాదం ఎంత గింజుకున్నా గుర్తు రావడం లేదు. చిన్నప్పుడు ఎండాకాలం ఏట్లో గొయ్యి తీసి, ఊరిన నీళ్లని ముంతతో బిందెలోకి తోడుకుంటూ పాడేవాళ్లం. రాసిపెట్టుకుందామంటే అప్పటికి నాకు అక్షరం రాదు. పాట పోతే పోయింది, చెలమ కథ ఒకటుంది. చెబుతాను.

ఒక అడవిలో ఏరు ఎండిపోయింది. మిగిలింది ఒక్క మడుగు. అక్కడో ఆచారం ఉంది. పొద్దున్నే అడవికి పెద్దయిన దున్నపోతు అందులో దిగి, పొర్లి, ఒళ్లు చల్లబరుచుకుని లేవాలి. ఆ తరవాతే మిగతా జంతువులు తాగాలి. ఆ పచ్చటి బురదనీళ్లు తాగి పిల్లజంతువులు విరేచనాలతో తూలిపోతున్నాయి. తూలిపోయినవాటిని పొద చాటునుంచి నక్క ఎత్తుకుపోతోంది. దానికి ఆ ఏడు పరుగెత్తే పనే లేకపోయింది.

అన్నాళ్లూ రేవులో బట్టల మూటలు మోసి, ముసలితనంలో అడవికొచ్చిన గాడిదక్కకి ఇది చూసి కడుపు మండింది.

"పెద్దయ్యా, ఏట్లో ఇసుక తవ్వితే తేటనీళ్లు ఊరతాయి. రేవులో మావాళ్లు అవే తాగేవాళ్లు" అంది దున్నపోతుతో.

"మా నాన్న ఈ మడుగే తాగాడు. మా తాతా ఈ మడుగే తాగాడు."

"అప్పుడు మడుగులో నీళ్లుండేవి బాబూ! ఇప్పుడు మీరూ బురదా తప్ప ఏముంది?"

నక్క చటుక్కున అందుకుంది. "విన్నారా! ఇవాళ ఇసుకలో నీళ్లంటుంది, రేపు రాతిలో పాలంటుంది. పెద్దయ్య చెప్పనిది ఈ అడవిలో ఏదైనా మంచిదైందా?"

అందరూ తలలూపారు. గాడిదక్క ఊరుకోలేదు. తనే గొయ్యి తీసి, అద్దంలాంటి నీళ్లు చూపించి జింకని పిలిచింది. జింకపిల్ల అప్పటికే కాళ్లు నిలవక తల్లికి ఆనుకుని ఉంది.

"తాగించవే తల్లీ, పిల్ల దక్కుతుంది."

"తాగించాలనే ఉందక్కా. కానీ అందరూ ఏమంటారో! అందరూ తాగితే నేనూ తాగిస్తా."

"అందరూ అంటే ఎవరే? నిన్నడిగితే అందరూ అంటావు, కుందేల్ని అడిగితే అదీ అందరూ అంటుంది! ఆ అందరూ ఎక్కడుంటారో చూపించు, నేను వాళ్లతోనే మాట్లాడుకుంటా!"

జింక తలొంచుకుని పిల్లని మడుగు వైపే నడిపించుకుపోయింది. పొద చాటున నక్క మూతి నాకుకోవడం గాడిదక్క కళ్లబడింది. ఇక వాదన చాలనుకుంది. తీసిన గోతి మీద ఆకులు పరిచి, పైన ఇసుక చల్లి, దున్నపోతు దగ్గరికి వెళ్లి వంగి నిలబడింది.

"పెద్దయ్యా, నా బుద్ధి మందం. ఇసుకలో నీళ్లు నా గిట్టకి ఎందుకొస్తాయి? తమరి అడుగు పడితే వస్తాయేమో!"

దున్నపోతు కాసేపు నెమరేసింది. "నాకూ చాలా రోజులుగా అలాగే అనిపిస్తోంది" అంది.

అడవంతా వెంట నడిచింది. దున్నపోతు గంభీరంగా కాలు మోపింది, ఆకులు దిగాయి, గిట్ట చుట్టూ నీళ్లు ఉబికాయి.

"పెద్దయ్య అడుగు! పెద్దయ్య అడుగు నీళ్లు!" అని కోతులు గోల పెట్టాయి.

దున్నపోతు ఆనందం పట్టలేక పొర్లబోయింది. "అయ్యో, తమరి అడుగు గుర్తు చెరిగిపోదూ?" అంది గాడిదక్క. అది గబుక్కున కాలు వెనక్కి తీసుకుంది. కాసేపటికి నీళ్లు తేరుకున్నాయి.

నక్క గొంతు సవరించుకుంది. "పెద్దయ్యా, ఇసుకనీళ్లు ఒంటికి..."

"ఏమిటీ? నా అడుగుని శంకిస్తున్నావా?"

"అబ్బెబ్బే! పెద్దయ్య చెప్పనిది ఏదైనా... అదే, చెప్పినది చెడ్డదవుతుందా?" అంటూ నక్కే ముందు మూతి పెట్టి తాగాల్సి వచ్చింది. దాని వెనకే అందరూ ఎగబడ్డారు.

నాలుగు రోజుల్లో పిల్లలు తేరుకుని చెంగుచెంగున గెంతుతున్నాయి. జింకలు గిట్టలతో, పందులు ముట్టెలతో సొంతంగా చెలమలు తవ్వుకుంటున్నాయి. పరుగు మరిచిపోయిన నక్క డొక్కలు ఎగరేసుకుంటూ వేరే అడవి వెతుక్కుంది. దున్నపోతు మాత్రం రోజూ గాడిదక్కని కేకేసి, "రేపు నేను అడుగు వెయ్యాలి, గొయ్యి తీసిపెట్టు" అని పురమాయిస్తోంది.

నాకు తోచిన నీతి ఇదీ: కొత్త మేలు నలుగురికీ అందాలంటే, అది నాదన్న మాట ముందు మనమే మింగాలి. మింగడం ఎంత కష్టమో గాడిదక్కనే అడగండి. పిల్లని తీసుకుని మేతకి వెళ్లిపోతూ జింక ఆవిడతో అన్న ఆఖరి మాట ఇది:

"చూశావా అక్కా, పెద్దయ్య బుర్రంటే బుర్ర! ఇన్నేళ్లు రేవులో ఉండొచ్చావు, నీకు తట్టిందా?"